నా అడుగులకు పాయింట్లు సరే, నాన్న మాత్రల సంగతేంటి?

ఈ ఎపిసోడ్ సోమాజిగూడ నుంచి చెప్తున్నాను. వెనకాల హారన్ల మోత వినిపిస్తే ఏమనుకోకండి, ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి కూడా ఇంతే. ఈ చుట్టుపక్కల మీరు ఒక్కసారి నడిచి చూడండి. ఇటు పంజాగుట్టలో నిమ్స్, అటు రాజ్‌భవన్ రోడ్డు, మధ్యలో ఎన్ని ఆసుపత్రులో, ఎన్ని ల్యాబులో, ఎన్ని మెడికల్ షాపులో. ఖమ్మం నుంచి, నల్గొండ నుంచి, కరీంనగర్ నుంచి బస్సు దిగి ఫైలు కవరు చంకలో పెట్టుకుని వచ్చేవాళ్ళు కనిపిస్తారు. ఆ కవర్లో ఎక్స్‌రే ఉంటుంది, రిపోర్టులు ఉంటాయి, ఒక కార్డు కూడా ఉంటుంది. ఆరోగ్యశ్రీ కార్డో, కంపెనీ ఇన్సూరెన్స్ కార్డో. ఇవాళ మన టాపిక్ ఆ కార్డు గురించే.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

2022లో మా నాన్నకు గుండెలో స్టెంట్ వేశారు. ఊళ్ళో ఇంకో వైపు ఉన్న ఒక ఆసుపత్రిలో. ఆసుపత్రి పేరు, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు చెప్పను, ఈ ఎపిసోడ్ వాళ్ళ మీద కాదు. ఆపరేషన్ బాగా అయింది. మూడో రోజు పొద్దున పదకొండింటికి డాక్టర్ గారు రౌండ్స్‌కు వచ్చి, ఇక ఇంటికి వెళ్ళొచ్చు అన్నారు. అమ్మ బ్యాగులు సర్దేసింది. నాన్న లుంగీ మార్చుకుని ప్యాంటు వేసుకున్నారు. నేను ఇన్సూరెన్స్ కౌంటర్‌కు పోయాను. "బిల్లు పంపించాం సార్, ఫైనల్ అప్రూవల్ రావాలి, కూర్చోండి" అన్నారు.

కూర్చున్నాను. రెండయింది, నాలుగయింది. మళ్ళీ అడిగితే "క్వెరీ వచ్చింది సార్, రిప్లై పెట్టాం" అన్నారు. ఆరయింది. నాన్న ప్యాంటు వేసుకుని మంచం మీద అట్లనే కూర్చున్నారు. అమ్మ ఏమీ అనట్లేదు కానీ, ఈ రాత్రికి కూడా రూమ్ రెంట్ పడుతుందా అన్న భయం ఆమె మొహంలో కనిపిస్తోంది. నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. కారిడార్లో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను.

ఏడున్నరకు జేబులో ఫోన్ వణికింది. అప్రూవల్ మెసేజ్ అనుకుని ఆత్రంగా తీశాను. అది ఆ ఇన్సూరెన్స్ కంపెనీ యాపే. "అభినందనలు! ఈరోజు మీ 10,000 అడుగులు పూర్తయ్యాయి. మీ పాయింట్లు జమ అయ్యాయి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళ అప్రూవల్ కోసం నేను తిరిగిన తిరుగుడుకు వాళ్ళే నాకు పాయింట్లు ఇచ్చారు. నాన్నకు చూపిస్తే ఆయన అన్నమాట ఇది: "ఏందిరా, నీ అడుగులు లెక్కపెట్టనీకి వాళ్ళకు టైముంది గానీ, నా బిల్లు చూడనీకి లేదా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నా ఫోన్లో అడుగు పడితే ఆ సెకనులోనే వాళ్ళకు తెలుస్తుంది. అంత టెక్నాలజీ ఉన్నవాళ్ళ దగ్గర ఒక బిల్లు ఎనిమిది గంటలు ఎందుకు ఆగింది? దానికి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు ఒక్క మాట అర్థమైంది. ఈ ఎపిసోడ్ అంతా ఆ మాటే. వైద్యంలో టెక్నాలజీ తనంతట తను ఏ పనీ చేయదు. ఏ పని చేస్తే ఎవరికి డబ్బు వస్తుందో, ఏ పని చేయకపోతే ఎవరికి డబ్బు పోతుందో, ఆ పనే జరుగుతుంది. మిగిలింది జరగదు. అది మంచి పనైనా సరే.

ఇప్పుడు వరసగా చూద్దాం. మొదట మన అందరికీ తెలిసిన అడుగుల సంగతి.

మీలో చాలామందికి ఆఫీసులో ఇచ్చిన పాలసీతో పాటు ఒక యాప్ ఉంటుంది. నడిస్తే పాయింట్లు, హెల్త్ చెకప్ చేయించుకుంటే పాయింట్లు. ఇవి కంపెనీలు వాటి ఇష్టం వచ్చినట్టు పెట్టినవి కావు. దేశం మొత్తానికి ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన హైదరాబాద్‌లోనే ఉంది, తెలుసా? 2001లో ఢిల్లీ నుంచి ఇక్కడికి మారింది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. ఆ సంస్థ 2020 సెప్టెంబరులో వెల్‌నెస్ గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. పాలసీదారుడు ఆరోగ్యం కాపాడుకుంటే పాయింట్లు ఇవ్వొచ్చు, వాటితో చెకప్‌లు, మందులు, జిమ్, యోగా లాంటివాటికి వోచర్లు ఇవ్వొచ్చు, రెన్యువల్ అప్పుడు ప్రీమియం తగ్గించొచ్చు అని. ఆదిత్య బిర్లా హెల్త్ లాంటి కంపెనీల ప్లాన్లలో రోజుకు 10,000 అడుగులు వేసినా, జిమ్‌లో అరగంట ఉన్నా, 300 కేలరీలు ఖర్చు చేసినా దాన్ని ఒక యాక్టివ్ రోజుగా లెక్కేస్తారు. నెలలో అలాంటి రోజులు ఎన్ని ఉంటే అంత వెనక్కి వస్తుంది.

ఈ ఐడియా మనది కాదు. దక్షిణాఫ్రికాలో డిస్కవరీ అనే కంపెనీ 1997లో వైటాలిటీ పేరుతో మొదలుపెట్టింది. వాళ్ళ ఒక స్కీమ్ నాకు భలే నచ్చింది. ఆపిల్ వాచీ ముందే మన చేతికి ఇచ్చేస్తారు. నెలనెలా టార్గెట్ ప్రకారం వ్యాయామం చేస్తే కిస్తీ కట్టక్కర్లేదు, చేయకపోతే కట్టాలి. మన మనసు ఎలాంటిదంటే, వంద రూపాయలు వస్తాయంటే లేవం, జేబులోంచి వంద పోతాయంటే లేచి పరిగెడతాం. 2018లో రాండ్ యూరప్ అనే పరిశోధన సంస్థ మూడు దేశాల్లో నాలుగు లక్షల మంది లెక్కలు తీసి చూసింది. ఆ వాచీ స్కీమ్‌లో ఉన్నవాళ్ళు సగటున 34 శాతం ఎక్కువ చురుగ్గా ఉన్నారని తేల్చింది.

వినడానికి బాగుంది కదా. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఆ వాచీ ఎవరు తీసుకుంటారు? ముందే కొంచెం నడవాలనే మనసు ఉన్నవాళ్ళు. మరి ఇష్టం ఉన్నా లేకపోయినా అందరికీ పెట్టి చూస్తే? ఆ పరీక్ష అమెరికాలో జరిగింది. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ల కంపెనీలో దాదాపు 33,000 మంది ఉద్యోగులు. 160 స్టోర్లలో 20 స్టోర్లను చీటీ తీసినట్టు ఎంపిక చేసి, అక్కడ మాత్రమే వెల్‌నెస్ ప్రోగ్రాం పెట్టారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, వ్యాయామం చేస్తున్నాం, బరువు చూసుకుంటున్నాం అని చెప్పినవాళ్ళు పెరిగారు. బీపీలో, కొలెస్ట్రాల్‌లో, ఆసుపత్రి ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2019లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది ఇది.

అంటే నడవడం వేస్ట్ అనా? అస్సలు కాదు. నడవండి, బాగా నడవండి. ఇంకో సరదా విషయం, ఈ 10,000 అనే అంకె కూడా ఏ డాక్టరూ కనిపెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక చిన్న మిషన్ అమ్మడానికి పెట్టిన పేరు అది, "పది వేల అడుగుల మీటర్" అని. అది అలా ప్రపంచమంతా పాకిపోయింది. నేను చెప్పేది ఏంటంటే, అడుగు లెక్కపెట్టడం చవక, ఫోన్ ఉంటే చాలు. అందుకే అందరూ దాన్నే లెక్కపెడుతున్నారు. పైగా ఎక్కువ నడిచేది మనలాంటి పాతికేళ్ళ వాళ్ళం. మనకు క్లెయిమ్ వచ్చే అవకాశమే తక్కువ. మనం రెన్యువల్ చేసుకుంటూ పోతే కంపెనీకి లాభం. మోకాళ్ళ నొప్పులు ఉన్న మా నాన్న 10,000 అడుగులు వేయలేరు. ఆయనకు కావాల్సిన లెక్క వేరే. షుగర్ ఎంత ఉంది, మాత్రలు వేసుకుంటున్నారా, చెకప్‌కు వెళ్ళారా అన్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. డిశ్చార్జ్ అయ్యాక ఏం జరిగిందో వినండి.

రాత్రి తొమ్మిది దాటాక అప్రూవల్ వచ్చింది, ఇంటికి వచ్చేశాం. నాలుగు నెలలు గడిచాయి. నాన్న హుషారుగా ఉన్నారు, మేమూ మర్చిపోయాం. ఒక ఆదివారం గోళ్ళ కత్తెర కోసం డ్రాయర్ తీస్తే, లోపల మాత్రల షీట్లు కనిపించాయి. నిండుగా. స్టెంట్ వేసినవాళ్ళకు రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మాత్రలవి. డాక్టర్ చెప్పేదాకా ఒక్క రోజు కూడా మానకూడదు అని డిశ్చార్జ్ అప్పుడు గట్టిగా చెప్పారు. మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్ళీ గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది.

"ఇవేంది నాన్నా?" అన్నాను.

"మంచిగనే ఉన్న గదరా. నెలకు అంత పైసలు ఎందుకని ఇరవై రోజులాయె ఆపి" అన్నారు, మామూలుగా.

నా కాళ్ళు వణికాయి. అదే గంటలో డాక్టర్‌కు ఫోన్ చేశాం, ఆయన వెంటనే రమ్మన్నారు, ఈసీజీ తీశారు. అదృష్టం, ఏమీ కాలేదు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. కానీ ఆ రాత్రి నా ఫోన్ చూసుకుంటే, ఆ నాలుగు నెలల్లో ఆ యాప్ నుంచి నాకు రోజూ నోటిఫికేషన్. లేవండి, నడవండి, నీళ్ళు తాగండి, స్నేహితుడిని చేర్పిస్తే బోనస్. నాన్నకు మాత్రం ఒక్కటంటే ఒక్క ఫోన్ రాలేదు. ఆసుపత్రి నుంచి లేదు, కంపెనీ నుంచి లేదు. "పెద్దాయనా, మాత్రలు వేసుకుంటున్నారా?" అని ఒక్కరు అడగలేదు. ఆ ఒక్క ఫోన్ కాల్ ఖర్చు ఎంత? మరి ఎందుకు ఎవరూ చేయలేదు?

ఎందుకంటే ఆ కాల్ చేస్తే ఎవరికీ డబ్బు రాదు, చేయకపోతే ఎవరికీ డబ్బు పోదు. ఆసుపత్రికి స్టెంట్ వేసినందుకు డబ్బు వచ్చేసింది. కంపెనీకి క్లెయిమ్ ఫైలు క్లోజ్ అయిపోయింది. మధ్యలో మా నాన్న డ్రాయర్ ఎవరి లెక్కలోనూ లేదు. తప్పు మాదీ ఉంది. ఇంట్లో ఉన్న కొడుకును నేనే అడగలేదు. అది ఒప్పుకుంటాను.

మరి ఆ ఫోన్ కాల్‌కు, ఆ మాత్రలకు కూడా డబ్బు కట్టిన స్కీమ్ ఏదైనా ఉందా అంటే, ఉంది. అది ఏ అమెరికాలోనో కాదు, మన దగ్గరే. ఆరోగ్యశ్రీ.

ఆరోగ్యశ్రీ అంటే మనకు రాజకీయ సభల్లో వినిపించే పేరు. పార్టీల సంగతి పక్కన పెట్టి, దాన్ని ఒక మిషన్‌లా విప్పి చూడండి. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50,000. మొదట్లో అది నిజంగా ఇన్సూరెన్సే. స్టార్ హెల్త్ కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం కట్టేది. 2008 నుంచి కొత్తగా చేర్చిన చికిత్సలను ట్రస్టే నేరుగా చూసింది, తర్వాత మొత్తం ట్రస్టు చేతికే వచ్చింది. ఇప్పుడు తెలంగాణలో ఆ పరిమితి 10 లక్షలు, 2023 డిసెంబరులో పెంచారు.

2007 అంటే మన చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. అప్పుడే వాళ్ళు చేసింది చూడండి. ఆపరేషన్‌కు ముందు రిపోర్టులు, స్కాన్లు, పేషెంట్ ఫొటో ఆన్‌లైన్లో పెట్టాలి. అవతల డాక్టర్లు చూసి అనుమతి ఇవ్వాలి. ఎమర్జెన్సీ అయితే ఫోన్లోనే అనుమతి. ఆపరేషన్ అయ్యాక కుట్లు కనిపించేలా మళ్ళీ ఫొటో పెట్టాలి, అప్పుడే ఆసుపత్రికి డబ్బు. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఒక ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. నిమ్స్‌కు వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు. చదువు రాని మనిషి వచ్చినా, ఏ ఫారం, ఏ గది, ఏ సంతకం అని ఆరోగ్యమిత్ర దగ్గరుండి చూస్తారు. నన్నడిగితే ఆ స్కీమ్‌లో కంప్యూటర్ ఎంత ముఖ్యమో ఆ కుర్చీలో కూర్చున్న మనిషి కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు డబ్బు దారి చూడండి. ప్యాకేజీలో ఆపరేషన్ ఒక్కటే కాదు. డిశ్చార్జ్ అయ్యాక పది రోజుల మందులు, ఇంటికి వెళ్ళే చార్జీలు కూడా ఆసుపత్రే ఇవ్వాలి. ఆ తర్వాత, ఎక్కువ కాలం కనిపెట్టుకుని ఉండాల్సిన వందకు పైగా చికిత్సలకు విడిగా ఫాలో-అప్ ప్యాకేజీలు పెట్టారు. ఏడాది పాటు డాక్టర్ చూడటానికి, టెస్టులకు, మందులకు డబ్బు. అంటే పేషెంట్ తిరిగి వస్తేనే ఆసుపత్రికి ఆ డబ్బు. మా నాన్న డ్రాయర్‌కు జవాబు సరిగ్గా ఇదే. పేషెంట్ తిరిగి రావడం ఎవరికో ఒకరికి లెక్కలో ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఇంకో అడుగు వేశారు. ఆరోగ్య ఆసరా అని. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000. ఎందుకు? కూలి పనికి వెళ్ళే మనిషికి డాక్టర్ "నెల రోజులు బరువులు ఎత్తొద్దు" అంటే వింటాడు గానీ, నాలుగో రోజు ఇంట్లో బియ్యం అయిపోతే తట్ట ఎత్తక తప్పదు. విశ్రాంతి కూడా మందే, ఆ మందు ఖరీదు వాళ్ళ కూలి డబ్బులు. నడిచినందుకు వోచర్ ఇవ్వడం ఇన్సెంటివ్ అయితే, పడుకున్నందుకు కూలి ఇవ్వడం కూడా ఇన్సెంటివే. ఎవరికి ఏది అవసరమో తెలుసుకుని ఇవ్వడం ముఖ్యం.

అయితే ఇదే మిషన్ తప్పు దారిలో కూడా అంతే వేగంగా పోయింది. అది కూడా చెప్పాలి. ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంటే ఆపరేషన్లు పెరుగుతాయి, అవసరం ఉన్నవీ, లేనివీ. ఉమ్మడి రాష్ట్రంలో చిన్న వయసు ఆడవాళ్ళకు గర్భసంచి తీసేసే ఆపరేషన్లు పెద్ద గొడవ అయ్యాయి. తెల్లబట్ట, నడుము నొప్పి అని వచ్చినవాళ్ళకు కూడా గర్భసంచి తీసేశారన్న ఆరోపణలు వచ్చాయి. చివరకు ప్రభుత్వం ఆ ఆపరేషన్‌తో సహా కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. ఆన్‌లైన్ అనుమతి ఉంది, ఫొటో ఉంది, అన్నీ ఉన్నాయి. ఫొటోలో కుట్టు కనిపిస్తుంది గానీ, ఆ కుట్టు అవసరమా కాదా అన్నది కనిపించదు కదా.

ఇంకొకటి. డబ్బు సమయానికి రాకపోతే ఎంత మంచి స్కీమ్ అయినా ఆగిపోతుంది. 2025 సెప్టెంబరులో తెలంగాణలో నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు రాలేదని ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి, తర్వాత ప్రభుత్వంతో మాట్లాడుకుని మళ్ళీ మొదలుపెట్టాయి. ఆ మధ్య రోజుల్లో ఫైలు కవరుతో బస్సు దిగినవాళ్ళ పరిస్థితి ఆలోచించండి.

సరే, ఇప్పుడు ప్రైవేటు ఇన్సూరెన్స్ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ ఎనిమిది గంటల బిల్లు ఎందుకు ఆగింది అని మొదట్లో అడిగాను కదా. ఎందుకంటే 2022లో అది ఆగినందుకు కంపెనీకి ఒక్క రూపాయి కూడా పోయేది కాదు. రూమ్ రెంట్ పెరిగితే మా నెత్తిన పడేది.

2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకున్నా సరే. క్యాష్‌లెస్ కోసం ఆసుపత్రి అడిగితే కంపెనీ గంటలోపు నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ అప్పుడు ఫైనల్ అప్రూవల్ ఆసుపత్రి అడిగిన మూడు గంటలలోపు ఇవ్వాలి. మూడు గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే, ఆ ఖర్చు కంపెనీయే భరించాలి. అది కూడా షేర్‌హోల్డర్ల డబ్బులోంచి, అంటే మన ప్రీమియం సొమ్ములోంచి కాకుండా యజమానుల సొమ్ములోంచి. చూశారా? కొత్త టెక్నాలజీ ఏమీ పెట్టలేదు. ఆలస్యం అయితే డబ్బు ఎవరికి పోవాలో మార్చారు, అంతే.

ఇంకా ఆ ఏడాది వచ్చిన మార్పులు మన పేరెంట్స్‌కు చాలా పనికొస్తాయి. ముందు నుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా నాలుగేళ్ళు ఉండేది, మూడేళ్ళకు తగ్గింది. పాలసీ అయిదేళ్ళు ఆగకుండా నడిస్తే, ఆ తర్వాత మోసం చేశారని నిరూపిస్తే తప్ప, "మీరు అప్పుడు ఫలానా విషయం చెప్పలేదు" అని క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. క్లెయిమ్ తిరస్కరించాలంటే కంపెనీలో రివ్యూ కమిటీ ఒప్పుకోవాలి, ఏ కండిషన్ కింద తిరస్కరించారో రాసి ఇవ్వాలి.

ఇప్పుడు మీరు చేయాల్సినవి చెప్తాను. థియరీ చాలు.

ఒకటి. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే, ఆసుపత్రి వాళ్ళు ఫైనల్ బిల్లు ఎన్ని గంటలకు పంపారో అడిగి ఫోన్లో రాసుకోండి. గొడవ పడక్కర్లేదు. "అన్నా, మూడు గంటల రూల్ ఉంది కదా, ఎన్నింటికి పంపారో చెప్పండి" అంటే చాలు. టైము రాసుకునేవాళ్ళ ఫైలు కొంచెం తొందరగా కదులుతుంది.

రెండు. అన్యాయం జరిగింది అనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ పని కాకపోతే బీమా భరోసా పోర్టల్, లేదా 155255 నంబర్. నెలలోపు కంపెనీ జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. మన వాళ్ళ ఆఫీసు ఇక్కడికి దగ్గరే, లక్డీకాపూల్ వైపు ఏసీ గార్డ్స్‌లో. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

మూడు. పాలసీ తీసుకునేటప్పుడు నడిస్తే ఎంత డిస్కౌంట్ అని ఒక్కటే అడగకండి. డిశ్చార్జ్ తర్వాత ఎన్ని రోజుల మందులు, టెస్టులు కవర్ అవుతాయి? షుగర్, బీపీ ఉన్నవాళ్ళకు ప్రత్యేక ప్రోగ్రాం ఉందా? డాక్టర్‌తో మాట్లాడే సదుపాయం ఉందా? ఏడాదికి ఒకసారి ఫ్రీ చెకప్ ఉందా? కొన్ని కంపెనీలు ఇవన్నీ ఇస్తున్నాయి, కానీ మనం వాడుకోం. నిజం చెప్పండి, మీ పాలసీలో ఉన్న ఫ్రీ చెకప్ మీ అమ్మతో ఎప్పుడైనా చేయించారా?

నాలుగు. మీ అడుగులు, నిద్ర, గుండె వేగం ఆ యాప్‌కు ఇచ్చేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ సమాచారం తీసుకుంటున్నారు? ఎవరికి ఇస్తున్నారు? వద్దంటే ఆపొచ్చా? వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో మన దేశంలో చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఒప్పుకునే హక్కు ఎంత ఉందో, ఒప్పుకున్నది వెనక్కి తీసుకునే హక్కు కూడా అంతే ఉంది.

అయిదు. ఇది నా అనుభవంతో చెప్తున్నాను. డిశ్చార్జ్ అయిన రోజే ఇంట్లో ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి. ఏ మాత్ర ఎప్పటిదాకా, చెకప్ ఏ తారీఖు. ఫోన్లో అలారం పెట్టండి, పెద్దవాళ్ళ ఫోన్లో కాదు, మీ ఫోన్లో. కంపెనీలు ఆ కాల్ చేసే రోజు వస్తే మంచిదే, రావాలని అడుగుదాం కూడా. అప్పటిదాకా ఆ కాల్ మనమే చేయాలి.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. రాత్రి ఎనిమిదిన్నరకు నా అలారం మోగుతుంది. ఇంట్లో ఉంటే గ్లాసు నీళ్ళు తీసుకెళ్తాను, బయట ఉంటే ఫోన్ చేస్తాను. నాన్న మొదట్లో విసుక్కునేవారు. ఇప్పుడు ఫోన్ ఎత్తగానే హలో కూడా అనరు. "ఏస్కున్నరా" అని పెట్టేస్తారు. నాలుగు సెకన్ల కాల్. దానికి ఏ యాప్‌లోనూ పాయింట్లు లేవు.

ఈ ఎపిసోడ్ అయిపోగానే మీ ఇంట్లో పాలసీ కాగితం ఎక్కడ ఉందో వెతకండి. కార్డు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఆ తర్వాత అమ్మానాన్నల మాత్రల డ్రాయర్ ఒక్కసారి తెరిచి చూడండి. మీకు ఏం కనిపించిందో కింద కామెంట్లో రాయండి, నేను చదువుతాను. మళ్ళీ కలుద్దాం. నమస్తే.